ఇనుము తాగిన వజ్రం

ఎనభైల మొదట్లో గాజువాక బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పేరు నేను అడగలేదు. నా చేతిలో సైన్సు పుస్తకం చూసి, గొంతు తగ్గించి అతనే అడిగాడు.

"బావా, ఇనుం మరిగే ఏడికి వజ్రం నిలుత్తాదేటి?"

అతను ఇనుప మూతలు పోతపోసే చోట కూలీ. కరిగిన ఇనుము ఒలికి తమ్ముడి చెయ్యి కాలిపోతే, యజమాని వజ్రపుటుంగరం తిప్పుకుంటూ "మీరంతా బొగ్గుముక్కలురా, ఒకటి పోతే ఇంకోటి" అన్నాడట. అలాంటి నోటిని ఊరికే వదలకూడదు. ఇతనూ వదల్లేదు. చేతులు కడుక్కుంటూ యజమాని తీసిపెట్టిన ఆ ఉంగరాన్ని కరిగిన ఇనుములో పడేశాడు.

"ఇప్పుడు ఆడు ఇనుం మీద తేలిన చిట్టెమంతా జల్లెడ పట్టిత్తన్నాడు. రాయి దొరికితే నా పనేనని తెలిసిపోతాది. కొలిమి కాడ నానొక్కడినే ఉన్నాను."

"దొరకదు," అన్నాను. "వజ్రమూ బొగ్గూ ఒకటే సరుకు. వజ్రంలో ఒక్కో పరమాణువు పక్కనున్న నాలుగింటిని బిగించి పట్టుకుంటుంది, అందుకే ఆ గట్టిదనం. కానీ పెన్సిల్లో నల్లముల్లుకున్న స్థిరత్వం దానికి లేదు. పట్టు విడిపించేంత వేడి తగలక అలా నిలబడుతుంది, అంతే. కరిగిన ఇనుమైతే నీళ్లు పంచదారని కలుపుకున్నట్టు కలిపేసుకుంటుంది."

అతను పగలబడి నవ్వాడు.

"అయితే ఆడి వజ్రం మురిక్కాలవ మీద పడుంటాది బావా! ఆ రోజు పోసినవన్నీ డ్రైనేజీ మూతలే!"

సింధియా స్టాపు దగ్గర దిగిపోయాడు.

ఆ మూతలు ఏ వీధిలో వేశారో నాకు తెలియదు. అందుకే ఈ ఊళ్లో కనబడ్డ ప్రతి మూతనీ ఇప్పటికీ మడమతో గట్టిగా తొక్కి మరీ వెళ్తాను.