కూర్చుని గడ్డి కోసే మిషను

1964 ఫిబ్రవరి 9, ఆదివారం. హాజరైనవారు: బావ, అక్క, నేను, మద్రాసు నుంచి మిషన్లు తెచ్చిన కంపెనీ మనిషి, పక్క చేను రైతు భార్య. లారీ డ్రైవరు సరుగుడు చెట్ల కింద నిద్రపోయాడు కనుక అతన్ని కలపలేదని ఆనాటి డైరీలో రాసుకున్నాను.

బావ చేను సముద్రానికి మైలు దూరం. నాలుగెకరాలు. దాన్ని కొన్న ఏడాదే ఆయన బండి మీద నుంచి పడి మోకాలు పోగొట్టుకున్నాడు. చేతికర్రతో వసారా మెట్ల దాకా రాగలడు. ఆ పైన ఇసుకలో కర్ర దిగబడిపోతుంది. మూడేళ్ళుగా సొంత చేనును కుర్చీలోంచి చూడడమే. వానలు పోయాక అక్కడ మోకాలెత్తున తుంగ, వెంపలి, వాటి కింద పల్లేరు. “ఇంటికి బరువైపోయినాను” అన్నది ఆయనకు ఊతపదమైపోయింది.

మద్రాసులో ఒక బంగళా తోటలో కూర్చుని నడిపే గడ్డి మిషను ఉందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. తన చేనులో తాను తిరగాలి, అంతే. ఎలాంటి మిషను తగునో తేల్చే పని నాకు అప్పగించాడు. నేను సర్వే ఆఫీసులో పనిచేసేవాణ్ణి, కొలవకుండా ఏదీ తేల్చను. రెండు ఆదివారాలు గొలుసు పట్టుకుని తిరిగి, తుంగ ఎక్కడ, వట్టి ఇసుక ఎక్కడ, రాలిన తాటిబుర్రలు ఎక్కడ అని పటం గీశాను. కాళ్ళకు గుచ్చుకున్న పల్లేరుకాయలను కూడా లెక్కపెట్టాను.

“గడ్డిని చూసి రమ్మంటే దానికి పట్టా రాసిస్తుండావా బామ్మర్దీ?” అన్నాడు బావ.

లారీ వెంకటాచలం ఊరి దగ్గర మలుపు తప్పి, పది గంటలకు చేరింది. అందులో రెండు మిషన్లు. ఒకటి పచ్చ రంగుది, చిన్న చక్రాలు, ఇనుప సీటు. రెండోది పెద్ద చక్రాలది, సీటు లేదు, వెనక నడవాలి. అక్క సీటు మీద దిండు వేసింది. బావ పంచె సర్దుకుని ఎక్కి, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత నిటారుగా కూర్చున్నాడు. ఇంటి ముందు గట్టినేల మీద మిషను చక్కగా నడిచింది. తుంగ దాటి ఇసుకలోకి దిగగానే చక్రాలు ఉన్నచోటే తిరిగి, పాతుకుపోయాయి. కంపెనీ మనిషి చుట్టూ తిరిగి చూసి, సీటు మీద మనిషి ఇంకాస్త తేలికగా ఉంటే నడిచేదని మర్యాదగా చెప్పాడు. ముగ్గురం కలిసి బావను దించి, కుర్చీలో కూర్చోబెట్టాం.

రెండో మిషను ఇసుకలో, తుంగలో, వెంపలిలో ఎక్కడా ఆగలేదు. రెండింటినీ పోల్చడానికి గీసుకున్న నా పట్టికలో ఏడు గడులుంటే ఏడూ దానివైపే. అదే తీసుకోవాలని చదివి వినిపించాను. బావ కోప్పడలేదు.

“నడిచేదయితే నాకెందుకు? నడవగలిగితే కొడవలే పట్టుకుందును గదా” అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అంతసేపూ కంచె దగ్గర నిలబడి చూస్తున్న రైతు భార్య అప్పుడు ముందుకు వచ్చింది. ఈ కలుపుకు తామయితే ఎద్దులకు గుంటక కట్టి తోలుతామంది. గుంటక అడుగున అడ్డంగా ఉండే ఇనుప పలక మట్టిలో సాగిపోతూ కలుపును వేళ్ళ దగ్గర కోస్తుంది. పైన బరువు లేకపోతే మాత్రం పలక పైకి తేలిపోతుంది.

“మా ఆయన రాళ్ళు పెడతాడు. మలుపుకాడ దొర్లిపోతాయి. అన్న కూసుంటే దొర్లడు గదా” అంది.

బావ ముందు తన పొట్టను చూసుకున్నాడు, తరువాత నన్ను. నా పట్టికలో మనిషి బరువుకు గడి లేదు.

“రాయి చెప్పినట్టు వింటుంది. ఈయన వింటాడనుకోబాక” అంది అక్క. మూడేళ్ళలో ఆ వసారాలో అంత నవ్వు నేను వినలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు కంపెనీ మనిషే. అక్కడే భోంచేసి, రెండు మిషన్లూ ఎక్కించుకుని వెళ్ళాడు.

మర్నాడు నేను లేచేసరికి రైతు ఎద్దులను తోలుతున్నాడు. గుంటక మీద కట్టిన పీట మీద బావ, చేతిలో గొడుగు. అటు కొసన మలుపు దగ్గర ఒకసారి దొర్లాడు. మెత్తని ఇసుక కనుక దెబ్బ తగల్లేదు. రైతు లేవదీస్తే మళ్ళీ ఎక్కాడు. ఎండెక్కేసరికి ఎకరం అయింది.

ఫలహారానికి వచ్చి కూర్చున్నాక చూస్తే పంచె అంచు నిండా పల్లేరుకాయలు. అక్క ఏరిపారేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనీ. బామ్మర్ది లెక్కపెట్టుకోవాల” అన్నాడు.

లెక్కపెట్టాను. నలభై ఒకటి.