తోడల్లుడితో జర్మనీ కోటకు

శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాగులు ఇచ్చే వరసలో మా తోడల్లుడు కనిపించినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పక్కనే ఆయన భార్య, అంటే మా ఆవిడకు సొంత చెల్లెలు, కొత్త స్వెట్టరు వేసుకుని నిలబడి ఉంది. "అరె, వీళ్ళు కూడా వస్తున్నారే!" అంది మా ఆవిడ. ఆ ఆశ్చర్యంలో ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్ళుగా ఆ గొంతు వింటున్నవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేనా?

అసలు యూరప్ మాట ఎత్తిందే ఆమె. తిరుపతి దాటి ఎక్కడికైనా వెళదామని ఏనాడూ అడగని మనిషి, మా నరసరావుపేటలో ఒక ట్రావెల్స్ ఆయన మన వైపు వాళ్ళను పోగుచేసి తీసుకెళ్తున్నాడని, వంటకు ఇబ్బంది లేదని, తెలుగు మాట్లాడే మేనేజరు వెంట ఉంటాడని ఒకటే పోరు పెట్టింది. నా ఎరువుల కొట్టు పది రోజులు మూసేస్తే ఏం కాదని కూడా ఆమే తీర్మానించింది. అప్పుడే ఆలోచించాల్సింది.

మాచర్లలో నాపరాళ్ళ వ్యాపారం చేసే ఈ తోడల్లుడి గడప నేను ఆరేళ్ళుగా తొక్కలేదు. కారణం చెబుతాను. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఆయనకు పెట్టడానికి ఒక ప్యాంటు చొక్కా గుడ్డ నేనే కొట్టుకు వెళ్ళి, గంట సేపు కూర్చుని, ఎంచి కొన్నాను. బిస్కెట్ రంగు మీద సన్నటి నీలం గీత. పెట్టే ముందు మా ఆవిడ ఆనవాయితీ ప్రకారం మూలకు పసుపు బొట్టు పెట్టింది. కొన్నేళ్ళ తరవాత వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. భోజనాలయ్యాక అందరికీ పెట్టినట్టే మాకూ బట్టలు పెట్టారు. ఇంటికొచ్చి కవరు విప్పితే, అదే గుడ్డ. అదే గీత. మూలన రెండు పసుపు బొట్లు. ఒకటి వెలిసిపోయింది, ఒకటి పచ్చిగా ఉంది.

పెట్టిన బట్టలు చేతులు మారడం మా వైపు లేనిది కాదు. పెళ్ళిళ్ళలో ఇచ్చిన జాకెట్టు గుడ్డలు ఊళ్ళు తిరిగి వస్తాయని నాకూ తెలుసు. కానీ ఇచ్చినవాడికే తిప్పి ఇవ్వడం వేరు. అది చూసుకోకుండా జరిగిందని నేను నమ్మలేదు. ఆ రాత్రే ఫోన్ చేసి అనాల్సినవన్నీ అన్నాను. తోడల్లుడు ఒక్క మాటకూ బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాకపోతే బదులు చెప్పడా?

ఆ అమ్మాయి మీద మాత్రం నాకు కోపం లేదు. ఈ గొడవకు ముందు ఇంటర్ రెండేళ్ళూ మా ఇంట్లో ఉండి, మా ఆవిడ చేతి అన్నం తిని చదివింది. నన్ను పెదనాన్నా అంటుంది. వచ్చే మాఘమాసానికి ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. కబురు తెలిసిన రోజునే మనం వెళ్ళడం లేదని మా ఆవిడకు చెప్పేశాను. ఆమె ఏడవలేదు, వాదించలేదు. పప్పు తిరగమోత వేసుకుంటూ ఊ అంది. ఆ ఊ నాకు అస్సలు నచ్చలేదు.

జర్మనీలో రైన్ నది పక్కన కొండ మీద కోట చూసే రోజున బస్సు పొద్దున్నే బయలుదేరింది. దారి పొడుగునా నా పక్కన కూర్చున్న మా ఆవిడకూ వెనక సీట్లోని చెల్లెలికీ గుసగుసలు. నేను తల తిప్పితే ఆగిపోయేవి. తోడల్లుడు కిటికీ దగ్గర కూర్చుని ద్రాక్షతోటలు చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

కోట దూరం నుంచి బాగానే ఉంది. తెల్లటి సున్నం, నల్లటి పెంకులు, మధ్యలో నిలువుగా బురుజు. మా కొండవీడు కోట కొండంతా విస్తరించి ఉంటుంది. ఇది దానిలో ఒక మూల చాలదు. పైగా ఇంత పాతదంటున్న గోడకు ఒక్క రాయి కూడా ఊడిపోలేదంటే, ఎవరో ఈ మధ్యే సిమెంటు మెత్తి ఉంటారని నాకనిపించింది. తోడల్లుడు ఊరుకుంటాడా? గోడను వేళ్ళతో తట్టి, గోరుతో గీకి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇది పలకరాయి అన్నయ్యా. పొరలు పొరలుగా లేస్తది. మన నాపరాయికి చిన్నాయన కొడుకు లాంటిది."

నన్ను మాట్లాడించడానికే రాయిని అడ్డం పెట్టుకున్నాడని గ్రహించి నేను నది వైపు చూశాను.

లోపలికి పంపే ముందు ముంగిట్లో భోజనాలు. మేనేజరు అందరికీ చపాతీలు, బంగాళాదుంప కూర ఉన్న పొట్లాలు పంచాడు. మరదలు సంచిలోంచి గోంగూర పచ్చడి డబ్బా తీసి నా ముందుకు వచ్చింది.

"వద్దు," అన్నాను.

"విషమేం కలపలేదు లెండి బావగారూ. అనుమానమైతే ముందు అక్క తింటది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆవిడ నిజంగానే నాలుగు వేళ్ళతో తీసుకుని తినేసింది. నేను చప్పటి కూరతోనే చపాతీ ముగించాను.

కోట గైడు ఒక పెద్దావిడ. చేతిలో చెంచాలంతేసి తాళంచెవుల గుత్తి. ఒక్కొక్క గదిలోకీ మమ్మల్ని పంపి, వెనకాల తలుపుకు తాళం వేసి, అప్పుడు మాట్లాడడం మొదలుపెట్టేది. ఎందుకిలా అని మేనేజరును అడిగాను.

"గైడు లేకుండా ఎవర్నీ విడిగా తిరగనివ్వరంటండీ. ఇక్కడ రూలంతే."

ఆ మేనేజరు మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆవిడ ఇంగ్లీషులో అంత సేపు చెబితే అతను తెలుగులో రెండు ముక్కలు చెప్పేవాడు. మిగతాది ఏమైనట్టు? గుమ్మం పైనున్న కంతల్లోంచి శత్రువుల నెత్తిన రాళ్ళు వేసి, మరిగే నీళ్ళు పోసేవాళ్ళట. గుర్రాలు జారకుండా కొండరాయినే మెట్లుగా చెక్కారట. బురుజు లోపలి మెట్లు మెలి తిరిగి పైకి పోతాయి. కింది నుంచి వచ్చేవాడి కుడిచెయ్యి గోడకు తగిలి కత్తి ఆడకుండా అలా కట్టారట.

"ఎడమచేతివాటం వాడొస్తే?" అని అడిగించాను.

గైడు నవ్వి ముందుకు నడిచింది. తెలియదని అనొచ్చుగా? ఈ రోజు వరకూ ఆ ప్రశ్నకు నాకు జవాబు లేదు.

పడకగదిలో మంచం మా ఇంట్లో చిన్నపిల్లల మంచమంత ఉంది. ఆ రోజుల్లో దిళ్ళకు ఆనుకుని సగం కూర్చునే నిద్రపోయేవాళ్ళని, పీడకలలకూ శత్రువులకూ అంత భయమని మేనేజరు చెప్పాడు.

"మా అన్నయ్య కూడా అట్టనే పడుకుంటాడు," అన్నాడు తోడల్లుడు. "ఎవుడన్నా బాకీ కోసం వస్తే లెగవటం తేలికని."

బస్సులో వచ్చినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వడం నేను చూశాను.

ఆ పక్క గది ఆడవాళ్ళది. కిటికీ దగ్గర రాతి అరుగులు, రాట్నం లాంటిది ఒకటి, గోడవార ఇనుప పట్టీలు కొట్టిన పెద్ద కొయ్య పెట్టె. పెళ్ళికూతురి వెంట పుట్టింటి నుంచి వచ్చేదట. అందులో పెట్టిన బట్టలు తల్లి నుంచి కూతురికి, అక్క నుంచి చెల్లెలికి పోయేవట. ఇంత వివరం మేనేజరు ఆ ఒక్క గదిలోనే ఎందుకు చెప్పాడో తెలియదు.

"మనలాంటోళ్ళేనే అక్కా," అంది మరదలు. "తిప్పి తిప్పి పెట్టుకునేటోళ్ళు."

ఇద్దరూ నవ్వారు. నా ఒళ్ళు మండింది.

"ఏమ్మా, నన్నేనా అంటున్నావు?"

మరదలు ముఖం మాడిపోయింది. తోడల్లుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇంక నావల్ల కాదు అన్నయ్యా. వదినా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏంది చెప్పేది?" అన్నాను. నా గొంతు లేచినట్టుంది, గైడు పెదాల మీద వేలు పెట్టి ఉష్ అంది. డబ్బు కట్టి వచ్చినవాణ్ణి బడిపిల్లాణ్ణి గదిమినట్టు గదిమింది. ఆ గదిలో ఇంక ఒక్క క్షణం ఉండదలచుకోలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి లాగాను. అది కదలలేదు. తాళం వేసి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ నా వెనకే వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. గైడు మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది, మిగతావాళ్ళు పెట్టె చుట్టూ మూగారు.

"ఆ గుడ్డ వాళ్ళు పెట్టింది కాదండీ," అంది మెల్లగా. "నేనే మీకు పెట్టించా."

నాకు అర్థం కాలేదు.

"కొనే రోజు కొట్లో మీరేమన్నారు? ఇంత మంచి గుడ్డ వాడికెందుకే, నాకైతే బాగుండేది అన్నారు. గృహప్రవేశం నాడు చెల్లి బీరువా తీసి, ఎవరికేది పెట్టాలో నన్నే చూడమంది. అది మడత నలగకుండా ఉంది. మీకు చానా ఇష్టమని నేనే తీసి కవర్లో పెట్టా. ఆ రెండు బొట్లూ నా చేత్తో పెట్టినవేనండీ."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పనిచ్చారా? చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ అందుకుని వాళ్ళను కడిగేశారు. పొద్దున్నే చెల్లికి ఫోన్ చేసి ఏడ్చా. ఉండనీలే అక్కా, మా మీదే ఉండనీ అంది."

"ఆరేళ్ళా?"

"వాళ్ళ మీద అలిగితే వాళ్ళది వేరే ఊరు. నా మీద అలిగితే నేను ఎటు పోయేది? ఒక్క ఇంట్లో ఎట్టా బతికేది?"

నేను తోడల్లుడి వైపు చూశాను. ఆయన రాతి గోడనే చూస్తున్నాడు, ఈసారి తట్టకుండా. ఫోన్లో నేను అన్న మాటలు నాకు గుర్తున్నాయి. ఆయనకూ గుర్తుండే ఉంటాయి.

"అయితే ఏమయ్యా," అన్నాను, "నేను అంత ఎంచి పెట్టిన గుడ్డ అన్నేళ్ళు కుట్టించుకోకుండా బీరువాలో పడేశావన్నమాట."

"నా పొట్టకు చాలదన్నాడు అన్నయ్యా టైలరు," అన్నాడాయన. "ఆ మాట నీతో ఎట్టా చెప్పేది?"

మరదలు ఫక్కున నవ్వి, మళ్ళీ ఆపుకుంది. మా ఆవిడ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"పిల్ల పెళ్ళికి నేను పోతున్నానండీ. మీరు రాకపోయినా పోతా. పేటలో చెప్తే లేచి కొట్టుకు వెళ్ళిపోతారు. ఇక్కడైతే ఎటూ పోలేరని ఇంత దూరం తీసుకొచ్చా."

అంటే విమానాశ్రయం దగ్గర నాకు కలిగిన అనుమానం నిజమే. ముగ్గురూ కలిసి నాటకం ఆడారు. ఆ మాట అనబోయేలోగా గైడు తాళంచెవుల గుత్తి ఆడించుకుంటూ వచ్చి, మమ్మల్ని పక్కకు జరగమని సైగ చేసి తలుపు తీసింది. వంటగది, ఆయుధాల గది, ఇంకా ఏవేవో చూపించింది. నేను చూశానన్న పేరే గానీ ఏదీ తలకెక్కలేదు. మా ఆవిడ నేనంటే ఆరేళ్ళు భయం పెట్టుకుని నాకే అన్నం వడ్డించిందన్న మాట ఒక్కటే లోపల తిరుగుతోంది. నేను అంత భయపెట్టే మనిషినా? లేక ఇది కూడా నన్ను పెళ్ళికి రప్పించడానికి పన్నిన మాటేనా? రెండూ ఒకేసారి నిజం కావచ్చని అనిపించి మరింత చిరాకేసింది.

కొండ దిగేటప్పుడు దారి ఇరుకు. మరదలు నా ముందు నడుస్తోంది.

"ఫోన్లో పిలిస్తే రాను," అన్నాను ఆమె వీపు వైపు చూస్తూ. "ఇంటికొచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. ఇద్దరూ రావాలి."

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. ముందు నన్ను, తరవాత వాళ్ళక్కను చూసింది.

"శుభలేఖలు అచ్చయిన మర్నాడే మీ గుమ్మంలో ఉంటాం బావగారూ. అన్నం పెడతారా?"

"అది మీ అక్కనడుగు."

మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తుండగా, దాచుకోకుండా అలా పట్టుకోవడం నేను చాలా కాలం తరవాత చూశాను.

బస్సెక్కేసరికి వాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు, నన్ను అడగకుండానే. మిగిలింది తోడల్లుడి పక్క సీటే. కూర్చున్నాను. బస్సు నది వెంబడి కొంత దూరం వెళ్ళాక ఆయన తల వాలి వాలి చివరకు నా భుజం మీద పడింది. ఎత్తైన మనిషి, బరువైన తల. నిజంగా నిద్రపోయాడా, నేనేం చేస్తానో చూద్దామని కళ్ళు మూసుకున్నాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. హోటల్ వచ్చేదాకా నేను మాత్రం భుజం కదపలేదు.