నాలుగిళ్ల రొట్టెలు

రెండు రాష్ట్రాలు కలిసి ఒకటైన కొత్తలో గుంటూరు నుంచి బదిలీ మీద వెళ్తుంటే, ఆసిఫాబాద్ దారిలో బస్సు చెడిపోయింది. టిఫిను వేళ దాటింది, భోజనానికింకా పొద్దుంది. రోడ్డు పక్క ఇంటి వసారాలోనే నడిపే చిన్న హోటల్లో ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. ఆకలన్నానని జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది. అన్నీ చల్లారినవే. ఒక రొట్టె మందం, ఒకటి పలుచన, ఒకటి మాడింది.

"ఇవన్నీ ఒక్క చేతివి కావేమో, అవ్వా?" అన్నాను నవ్వుతూ.

"పొయ్యి ముట్టియ్యలే బిడ్డా. నిన్న మా ముసలాయన పోయిండు. వాడకట్టోళ్లు నాలుగిండ్లకెల్లి తెచ్చిపెట్టిన్రు."

నా చెయ్యి ఆగిపోయింది. మావైపు చావింట్లో పరాయివాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు.

"మైలనుకోకుంటే తిను. రోజు ఇద్దరం కలిసి తినేది. ఒక్కదాన్ని తినబుద్ధయితలేదు," అంటూ తనూ ఒక రొట్టె తుంచింది.

నేనూ మరో ముక్క తుంచాను. ఆమె తన రొట్టె తినడం అయ్యేదాకా తింటూనే ఉన్నాను.