పాదం నుంచి గుండెకు అరవై మూడు రోజులు

నేను కోయిలకుంట్లలో ఇళ్లు కట్టే మేస్త్రీని. చెప్పులు విడిచి ఇసుక తొక్కి, అందులో మన్ను ఎంతుందో అరికాలితో తేల్చడం మా నాయన నేర్పిన పద్ధతి. వానాకాలంలో ఒక ఆదివారం తడి ఇసుక కుప్పను అలాగే తొక్కి ఇంటికొచ్చాక, ఎడమ పాదం పక్కన ఎర్రటి చుక్క లేచింది. ఒకటే దురద.

నాలుగో రోజుకు చుక్క కాస్తా గీతయింది, చర్మం కింద దారంతో వంకరగా కుట్టినట్టు. దాని కొసన పెన్నుతో గుర్తు పెట్టాను. మర్నాటికి గీత గుర్తును రెండు సెంటీమీటర్లు దాటింది. మా వీధి ఆర్‌ఎంపీ తామరన్నాడు. ఆయనిచ్చిన పూతమందు వారం రాసినా రోజుకు రెండు తప్పలేదు.

చదివింది ఐదో తరగతే అయినా లెక్క వేయకుండా ఉండలేను. టేపుతో పాదం నుంచి గుండె దాకా కొలిచాను. నూట ఇరవై ఆరు. రోజుకు రెండు చొప్పున అరవై మూడు రోజులు. ఆ పూట అన్నం దిగలేదు. నా భార్య మాబున్నికి చెప్పాను.

"ఈ లెక్క ఎవురు చెయ్యమన్న్యారు నిన్ను? లెయ్, కర్నూలుకు పోదాం" అంది.

కర్నూలు స్కిన్ డాక్టరమ్మ నా పెన్ను గుర్తులను ఒక్కొక్కటే చూసింది. "క్యుటేనియస్ లార్వా మైగ్రాన్స్. కుక్కల, పిల్లుల మలం నుంచి ఇసుకలో చేరే హుక్‌వర్మ్ లార్వా, అంటే కొంకి పురుగు పిల్ల. ఇసుకలో వట్టి కాళ్లతో నడిచినారా?"

"నడవలేదు మేడం, తొక్కి చూసినా. అది నా పని."

మాబున్ని ఆగలేక అరవై మూడు సంగతి చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"భాగహారం కరెక్టే మేస్త్రీ. అయితే అది గుండెకు పోయేది కాదు. మన చర్మం లోపలికి దిగలేదు, పైపొరలోనే తిరుగుతుంది. ఇన్ని రోజులు వంకర్లు తిరిగి తిరిగి, చుక్క నుంచి ఎంత దూరం పోయింది చూడండి. నాలుగు వేళ్లు!"

మూడు రోజులకు ఆల్బెండజోల్ మాత్రలు రాసింది. మొదటి రోజు గీత ఒకటిన్నర నడిచింది. కంగారుపడి ఫోన్ చేస్తే, "ఆగుతుంది, ఆగండి" అంది. రెండో రోజు అర. మూడో రోజు సున్నా. అంత ఇష్టంగా నేనెన్నడూ సున్నా రాయలేదు. దురద మాత్రం ఇంకో పది రోజులుండి పోయింది.

అరవై మూడో రోజున మాబున్ని పలావు వండింది. "యాడిదాకా వచ్చినాది నీ పురుగు?" అంది.

"నీ పలావు దాకా" అన్నాను.

ఇప్పుడు బూట్లు లేకుండా ఇసుక దగ్గరికి పోను. గాజు సీసాలో ఇసుక, నీళ్లు పోసి కుదిపి, తేరాక పైన పేరిన మన్నును స్కేలుతో కొలుస్తాను. అరికాలు శానా అనో రవ్వంత అనో చెప్పేది. సీసా అంకె చెబుతోంది.

మీ ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటే పట్టా కప్పండి. ఒంటి మీద గీత జరుగుతుంటే కొసన గుర్తు పెట్టి, నేరుగా చర్మ డాక్టరుకు చూపండి. గుండె దాకా టేపు మాత్రం పట్టకండి.