డీ అంటే తాలు కాదు

ప్రత్తిపాడు సామ్రాజ్యం వేలికి మిరపకాయ తగిలిందంటే రకం తేలిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో కాయలు ఏరే ఆడవాళ్లలో ఆవిడ మాటే మాట. ఆ పనితనమే ఆవిడ కొంప ముంచింది.

బ్రాలు కొనడంలోనూ అదే లెక్క. ఏ అంటే మొదటి రకం, బీ అంటే రెండోది, డీ అంటే ఇక పనికిరాని తాలే. చిలకలూరిపేట కొట్లో ఎవరైనా డీ తీసి చూపిస్తే ఒళ్లు మండిపోయేది.

"నాకేం ఖర్మ? ఏ రకం తియ్యండి!"

బిగుతైతే నంబరు పెంచేది గానీ అక్షరం మార్చేది కాదు. అలా ముప్పై ఎనిమిదికి వచ్చింది.

ఈ చలికాలంలో ఎడమ రొమ్ము పక్కన గట్టిగా ఏదో తగిలింది. ముట్టుకుంటే నొప్పి. అక్క సుబ్బరావమ్మ పోయింది అలాంటి గడ్డతోనే. సిగ్గుపడి దాచుకుంది, బయటపడేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. అదంతా కళ్లారా చూసి కూడా సామ్రాజ్యం నోరు మెదపలేదు. భయం అంత పాడుది మరి. స్నానానికి వెళ్లినప్పుడల్లా చెయ్యి అక్కడికే పోయేది. పెరిగిందా? అంతే ఉందా? అన్నం సగంలోనే వదిలేసి లేచేది. తన మీద కోపమేమోనని మొగుడు వీరాంజనేయులు దూరదూరంగా తిరిగాడు, పాపం.

ఒకరోజు ఆవిడ తాలుకాయలు తీసుకెళ్లి మంచి కాయల్లో పోసింది. పక్కన కూర్చుని కాయలేరే కరీమున్ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తాలు కలపడమేంటి వదినా? ఏమైందో చెప్పు."

సామ్రాజ్యం భోరుమంది. మర్నాడే కరీమున్ ఆవిణ్ణి గుంటూరు లాక్కెళ్లింది.

డాక్టరమ్మ నొక్కి చూసింది, స్కానింగు తీయించింది.

"గడ్డ లేదమ్మా. చెడ్డ గడ్డకి మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదు. ఇది బ్రా తీగ గుచ్చుకుని కమిలి వాచింది. సైజెంత?"

"ముప్పై ఎనిమిది ఏ అండి. ఎప్పుడూ మొదటి రకమే."

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేక టేపు తీసింది.

"అది రకం కాదమ్మా. నంబరేమో రొమ్ము కింద చుట్టుకొలత. నీకు ముప్పై నాలుగే. రొమ్ము మీద కొలిస్తే దానికంటే ఎంత ఎక్కువుందో చెప్పేది అక్షరం. ఒక అంగుళం ఎక్కువైతే ఏ, రెండైతే బీ. నీకు నాలుగు."

"అయితే నేను డీనా?"

"డీయే."

తిరుగు బస్సులో కరీమున్ నవ్వుతూనే ఉంది. సామ్రాజ్యానికి నవ్వు రాలేదు, అక్క గుర్తొచ్చింది.

మర్నాడు మిరపకాయల రాశి దగ్గర కూర్చుని జరిగిందంతా దాచకుండా అందరికీ చెప్పింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు, లక్ష్మీదుర్గ తప్ప. పాతికేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకి. తలెత్తకుండా కాయల తొడిమలు తీస్తూనే మెల్లగా దగ్గరికి జరిగింది.

"పిన్నీ, నాక్కూడా గట్టిగా ఏదో తగులుతోంది. నొప్పి మాత్రం లేదు."

సామ్రాజ్యం చేతిలో కాయలు వదిలేసి లేచింది.

"చెప్పులేసుకో. ఇప్పుడే పోదాం పద."