వాకిలి పక్క సిమెంటు పువ్వు

ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో మా డ్రాయింగు సారు, మేం గీసిన ఇంటి బొమ్మలో ఏ నగిషీ కనబడినా దాన్ని అరచేత్తో మూసేవారు. "ఇది తీసేస్తే గోడ పడిపోతాదా?" అనేవారు. పడదంటే చెరిపేయాల్సిందే.

సిలబస్‌లో లేకపోయినా ఏటా ఒక పాతకాలపు ఇటలీ వాస్తుశిల్పి గురించి చెప్పేవారు. గోడల నిండా పూలూ దేవదూతలూ అతికించే రోజుల్లో పుట్టి, సాదా గోడల కాలానికి దారి వేసినవాడట. రాజుకు భవనం కట్టి, కొండల నుంచి కమానుల మీదుగా దానికి నీళ్ళు తెచ్చాడట. "పూలన్నీ పీకేయలేదప్పా, కొన్ని ఉంచినాడు. ఎందుకో యాడా రాయలేదు."

ఒకసారి జమ్మలమడుగులో సారు ఇంటికి వెళ్ళాను. అన్నీ నున్నటి గోడలే. వాకిలి పక్కన మాత్రం ఒక సిమెంటు పువ్వు. దాన్ని అరచేత్తో మూసి, "ఇది తీసేస్తే గోడ పడిపోతాదా సార్?" అన్నాను.

సారు నవ్వలేదు. "గోడకేం గాదప్పా. మా ఇంటామె ముచ్చటపడి పెట్టించుకునింది. ఆమె పోయినాక దాన్ని ఎవురూ ముట్టలేదు" అంటూ నా చెయ్యి మెల్లగా పక్కకు తీశారు.

ఇప్పుడు సారూ లేరు. ఇల్లు కొన్నవాళ్ళు పువ్వు కొట్టేసి రంగు వేయించారు. ఆ వీధిన పోయినప్పుడల్లా ఆగి చూస్తాను.

గోడ గట్టిగానే ఉంది.