నాన్న బోర్డు, నా ఫ్లెక్సీ

అక్షరాల తప్పులు చూసి మనిషి తెలివిని లెక్కగట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ముందే చెప్పేస్తున్నాను, ఇది శాంతంగా రాస్తున్నది కాదు. ఆ మంటలో సగం నా మీదే ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

అండమాన్‌లో వండూర్ నుంచి ఇంకాస్త ముందుకెళ్తే ఓ చిన్న తీరం వస్తుంది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. టూరిస్టులను పడవల్లో పగడాల దగ్గరికి తిప్పి తెచ్చే ఒక తెలుగాయన అక్కడ షెడ్డు వేసుకుని వ్యాపారం చేస్తున్నాడు. వచ్చినవాళ్ళ పేర్లూ వయసులూ ఫారాల్లో నింపడం నా ఉద్యోగం. చదువుకోసం చిన్నప్పుడే గరాచర్మలో పిన్ని ఇంటికి వచ్చేశాను, ఇప్పటికీ అక్కడినుంచే పొద్దున్నే బస్సెక్కి వెళ్తాను. మా నాన్న మాత్రం ఆ తీరం పక్కనే ఉంటాడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, చేపలవేటతోనే బతికిన మనిషి. భుజం దెబ్బతిని వల లాగలేకపోయేసరికి, మా ఓనరు ఆయనకి షెడ్డు దగ్గర పని ఇచ్చాడు.

ఆ పనేమిటో చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. ఆ తీరానికి ఎదురుగా నీళ్ళ కింద పొడుగ్గా రాతిగట్టు ఉంది. ఆ గట్టు ఒకచోట తెగి, నాలుగు పడవలు పట్టేంత సందు ఏర్పడింది. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ లోపల నీళ్ళు చెరువులా కదలకుండా ఉంటాయి, పసిపిల్లల్ని వదిలినా భయం లేదు. ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీయడం మొదలుపెట్టాయా, లోపలున్న నీళ్ళన్నీ ఆ సందులోంచే బయటికి పరిగెడతాయి. ఎంత ఈతగాడైనా వాటితోపాటు పోవాల్సిందే. ఆ వేళ రోజూ ఒకటి కాదు. ఇవాళ్టికంటే రేపు దాదాపు ముప్పావు గంట ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నానికీ దాని ఊపు వేరు. మా నాన్న తెల్లారగానే వెళ్ళి ఒడ్డున కాసేపు నిలబడి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి చూసి, వచ్చి ఓ ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో ఆరోజు టైము రాసేవాడు. పైన హిందీ, కింద తెలుగు.

ఆయన బడికి వెళ్ళింది లేదు. హిందీ అక్షరాలు ఫీనిక్స్ బే రేవులో పడవల మీద రాసిన పేర్లు చూసి నేర్చుకున్నాడు. తెలుగు నా పుస్తకాల్లోంచి, నేను సెలవులకి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. నోటికి ఎలా పలికితే అలా రాసేవాడు. నాకు బాగా గుర్తున్న ఒకరోజు బోర్డు ఇది: “ఈరోజు 11 గన్టలు దాటీనాక నీల్లలొ దిగొద్దు.”

ఇందులో ఎవరికైనా అర్థం కానిది ఏముంది? కానీ నవ్వడానికి కావలసినంత ఉంది.

ఆరోజే వచ్చాడాయన. రాజమండ్రో, హైదరాబాదో, ఎక్కడైతేనేం, భార్యాపిల్లలతో, ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. తల మీద టోపీ, మెడలో కెమెరా. ఫారం నింపుతుంటే తన ఇంటిపేరు అక్షరం అక్షరం విడదీసి నాకు చెప్పాడు, తప్పు రాస్తానేమోనని. తర్వాత బోర్డు ముందుకెళ్ళి నిలబడి పైకి చదివాడు. ఎలా చదివాడనుకున్నారు! ఎక్కడ దీర్ఘం ఉందో అక్కడ సాగదీసి, ఎక్కడ వత్తు లేదో అక్కడ నత్తి పెట్టి, చిన్నపిల్లాడు మాట్లాడినట్టు చదివాడు. స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

“ఎవరండీ బాబూ ఈ మహాకవి?” అన్నాడు.

మా నాన్న ముందుకొచ్చాడు. బాగుందని నవ్వుతున్నారనుకున్నాడు పాపం. ఆయన కూడా నవ్వుతూ, “నానే బాబూ, దినామూ నానే రాత్తాను” అన్నాడు.

“ఏం చదువుకున్నావు తాతా?”

“ఏటీ సదవనేదు బాబూ.”

“తెలుస్తూనే ఉందిలే.” బోర్డునీ, దాని పక్కన మా నాన్ననీ నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. భార్య వైపు తిరిగి, “చూశావా, ఇలాంటి బుర్రల చేతుల్లో మన ప్రాణాలు పెట్టాం” అన్నాడు. గొంతు తగ్గించాలని కూడా అనిపించలేదు ఆ పెద్దమనిషికి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు? ఆ మాటకి కోపం వచ్చి కాదు. అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాన్న రాసిన తప్పులకి సిగ్గేసింది నాకు. బళ్ళో నేను డిక్టేషన్‌కి ప్రైజులు తెచ్చుకున్నదాన్ని. ద్వీపాల్లో పుట్టిన మా ఈడువాళ్ళలో తెలుగు సరిగ్గా రాయగలిగేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ వేళ్ళలో నాదొకటని మా పిన్ని ఊరంతా చెప్పుకునేది. అలాంటి దాన్ని, తల దించుకుని ఫారాలు సర్దుకున్నాను. ఆయన నా వైపు చూసినప్పుడు కాస్త నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఇంకొక్క మాట, ఆ టోపీ ఆయన పదకొండు కాకముందే నీళ్ళలోంచి బయటికొచ్చాడు. పిల్లల్ని కూడా కేకలేసి రప్పించాడు. ఎంత వెక్కిరించినా బోర్డు చెప్పినట్టు విన్నాడు, బతికి ఇంటికెళ్ళాడు.

ఆ ఫోటో మర్నాటికల్లా ఎక్కడెక్కడో తిరిగి మా ఓనరు ఫోనుకొచ్చింది. “అండమాన్‌లో తెలుగుకి పట్టిన గతి” అని రాసి పెట్టాడు మహానుభావుడు. కింద వందలమంది నవ్వుల బొమ్మలు. ఒకామె అయితే, ముసలాయనకి అక్షరమే రాదు, సముద్రం గురించి ఏం తెలుస్తుంది అని రాసింది. అబ్బో, ఆమెకెంత తెలుసో!

ఓనరు ఫోను నా ముందు పెట్టాడు. “చూడమ్మాయ్, మన పరువు ఏమైందో. షెడ్డు పేరు కూడా కనబడుతోంది ఇందులో. నువ్వు చదువుకున్నదానివి కదా, శుభ్రమైన తెలుగులో, హిందీలో రాసివ్వు. టౌన్‌లో ఫ్లెక్సీ కొట్టిస్తాను.”

“మరి నాన్న?” అన్నాను.

“ఆయన్ని లైఫ్ జాకెట్లు చూసుకోమను. బోర్డు జోలికి మాత్రం వెళ్ళొద్దని చెప్పు. నువ్వే చెప్పు, నేను చెప్తే బాగోదు.”

ఆ బోర్డు ఒక్కటే మా నాన్నకి మిగిలింది. వల పోయింది, పడవ అమ్మేశాడు, మా అమ్మ లేదు. తెల్లారి లేచి ఆ సుద్దముక్క పట్టుకుంటేనే ఆయన ఇంకా సముద్రంమీద పనిచేసే మనిషి. అది నాకు తెలుసు. తెలిసీ, “సరే సార్” అన్నాను. నా తెలుగు అచ్చులో, అంత పెద్ద అక్షరాల్లో పడుతుందని లోపల సంబరపడ్డాను కూడా.

ఎంత శ్రద్ధగా రాశాననుకున్నారు! మూడుసార్లు దిద్దాను. “సందర్శకులకు విజ్ఞప్తి. స్నానానికి అనుమతించు వేళలు: ఉదయం తొమ్మిది గంటల నుండి సాయంత్రం నాలుగు గంటల వరకు.” ఆ వేళలు ఎక్కడివి? మా షెడ్డు తెరిచి ఉండే వేళలు. ఓనరు అడిగాడు, నేను రాశాను. ఆ నీళ్ళ పక్కన పుట్టిన దాన్ని, ఆటుపోట్ల వేళ రోజూ మారుతుందని నాకు తెలియదా? తెలుసు. కానీ నా కళ్ళు ‘విజ్ఞప్తి’లో జ్ఞ సరిగ్గా పడిందా లేదా అని చూస్తున్నాయి.

ఫ్లెక్సీ కట్టిన రోజు నాన్న దాని ముందు నిలబడి వేలుపెట్టి కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు పట్టింది.

“ఇదేటమ్మీ, దినామూ తొమ్మిదీ నాలుగేనా?” అన్నాడు.

“ఫ్లెక్సీ కదా నాన్నా. రోజూ మార్చడానికి కుదరదు.”

“సముద్రం మారతాది గదే.”

“నీకు తెలీదు నాన్నా, ఊరుకో,” అన్నాను. నలుగురూ వింటున్నారని నోరు మూయించాను.

ఆయన ప్లైవుడ్ ముక్క తీసి షెడ్డు వెనక్కి పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత నాలుగు రోజులూ వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, “ఇప్పుడొద్దు బాబూ, అమ్మా, కాసేపాగి దిగండి” అని బతిమాలుకున్నాడు. కొందరు విన్నారు. కొందరు ఫ్లెక్సీ చూపించారు.

ఐదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి ఒకామె దిగింది. నా ఈడుదే ఉంటుంది. నాన్న వద్దంటే, ఆమె మొగుడు, “అక్కడ రాసుంది కదయ్యా, నాలుగు దాకా అని” అంటూ విసుక్కున్నాడు. ఆ రోజుల్లో ఆటు బలంగా ఉంది. నడుం లోతులో ఉన్న మనిషి, చూస్తూ చూస్తూ ఉండగానే మెడ లోతుకి వెళ్ళింది, తర్వాత చెయ్యి ఒక్కటే కనిపించింది. సందు వైపు వెళ్ళిపోతోంది.

“దీదీ, ఉధర్ దేఖో!” అని మా పడవ డ్రైవరు అటు చూడమని చెయ్యి చూపిస్తూ అరిచాడు. అందరూ ఆమె మునుగుతున్న చోటు వైపే పరిగెత్తారు. ఇద్దరు నీళ్ళలోకి దిగి, కాళ్ళు నిలవక వెనక్కి వచ్చేశారు. డ్రైవరు పడవని తిన్నగా ఆమె మీదికి తిప్పబోయాడు. మా నాన్న ఒంటి చేత్తో పడవ అంచు పట్టుకుని లోపలికెక్కి, “సీదా మత్ జా భయ్యా! బాహర్ సే ఘుమా!” అని అరిచాడు. తిన్నగా వెళ్ళకు, గట్టు బయటినుంచి తిప్పు అని.

ఒడ్డున నిలబడ్డ మాకెవరికీ అర్థం కాలేదు. మనిషి ఇక్కడ మునిగిపోతుంటే ఈయన పడవని ఎటో తీసుకెళ్ళిపోతున్నాడేమిటని ఆమె మొగుడు బూతులు తిట్టాడు. పడవ గట్టు అవతల, సందుకి కుడివైపు వెళ్ళి ఆగింది. ఆమె కూడా అక్కడికే వచ్చింది. నీళ్ళు ఆమెని ఎక్కడ వదిలిపెడతాయో సరిగ్గా అక్కడ మా నాన్న చెయ్యి చాపుకుని ఉన్నాడు. బాగున్న భుజంతో జుట్టు పట్టుకుని లాగాడు.

బతికింది. ఒడ్డుకి తెచ్చి పడుకోబెడితే గంటసేపు ఉప్పునీళ్ళు కక్కింది. కాళ్ళు రాళ్ళకి చీరుకుపోయాయి. మొగుడు వెళ్ళి మా ఓనరుని పట్టుకున్నాడు. “నాలుగు దాకా అని రాస్తారా? ఏ వెధవ రాశాడండీ అది?” అన్నాడు.

ఓనరు నా వైపు చూశాడు. ఫ్లెక్సీలో ఒక్క అక్షరం తప్పు లేదు, అంతా సరిగ్గానే ఉంది.

అదే సాయంత్రం ఆ ఫ్లెక్సీని నేనే కత్తెరతో కోసి దింపాను. ఓనరు షెడ్డు వెనక్కెళ్ళి ప్లైవుడ్ ముక్క తనే మోసుకొచ్చి మా నాన్న ముందు పెట్టాడు. “రేపటినుంచి నువ్వే రాయి. తప్పులున్నా పరవాలేదు,” అన్నాడు. అదేదో వరమిచ్చినట్టు!

మా నాన్న సుద్ద ముట్టుకోలేదు. “నానొద్దు బాబూ. నాను రాత్తే నవ్వుతారు. టైము సెప్తాను, మా అమ్మి రాత్తాది” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కాళ్ళమీద పడి ఉందును.

ఎంత బతిమాలానో నాకే తెలుసు. “నాన్నా, ఎవడేమనుకుంటే నీకేంటి?” అన్నాను. “వోల్లు గాదే,” అని ఆపేశాడు. ఎవరో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. అంతకుముందు రోజూ నేను బస్సెక్కే వేళకి ఫోనులో రెండు ముక్కలు రాసి పంపేవాడు, “బసు ఎక్కీనావ అమ్మి” అని. ఇప్పుడు అదీ లేదు, ఫోన్ చేసి అడుగుతాడు. ఆ టోపీవాడు ఎక్కడున్నాడో తెలియదు, తెలిస్తే నాలుగు దులిపేదాన్ని. అద్దంలో కనిపించేదాన్ని మాత్రం ఏం చేయను?

ఇప్పుడు పొద్దున్నే నాన్న మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి వస్తాడు, టైము చెప్తాడు. నేను రాస్తాను. గుండ్రటి అక్షరాలు, ఎక్కడ పెట్టాల్సిన వత్తు అక్కడ. మొన్న విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ బోర్డు చూసి ముచ్చటపడిపోయింది. “ఎంత చక్కగా రాశావమ్మా! రోజుకో టైము, ఎలా లెక్కవేస్తావు? సముద్రం గురించి నీకు చాలా తెలుసే,” అంది.

మా నాన్న పక్కనే తడి జాకెట్లు తాడు మీద ఆరేస్తున్నాడు. విన్నాడు. నేను ఆయన్ని చూపించి చెప్పబోతే, వద్దని తల అడ్డంగా ఊపాడు.

“థాంక్సండీ,” అన్నాను. నాకు ఈత రాదు.